పసుపు బస్తాకు పుట్టుపూర్వోత్తరాలు

తంగళ్ళపల్లి: సరుకు చేతులు మారేకొద్దీ అది పుట్టిన ఊరు మరుగున పడుతుంది. ఇక్కడి ధాన్యం మిల్లు చేరాక ఏ పొలానిదో చెప్పలేము. జగిత్యాల, కోరుట్ల ప్రాంతాల పసుపు సంగతీ అంతే. పాలిషుకు వెళ్ళేసరికి పదిమంది రైతుల కొమ్ములు ఒకే రాశి అవుతాయి. స్థానిక బేరాలకు ఇది అడ్డు కాదు. ఎగుమతి బేరాలకు మాత్రం చిక్కు తెచ్చిపెడుతున్నది.

2005లో బ్రిటన్‌లో సూడాన్-1 రంగు కలిసిన కారంపొడి ఒక సాస్‌లో బయటపడింది. ఆ సాస్ వాడిన 400కు పైగా ఆహార పదార్థాలను అంగళ్ళ నుండి వెనక్కు తీసుకున్నారు. పసుపుకు మెరుగు కోసం సీసపు క్రోమేటు కలిపే కల్తీ కూడా కొనుగోలుదారులకు తెలియనిది కాదు. రాశిలో కలిసిన ఒక్క బస్తా దోషానికి మొత్తం సరుకు తిరిగి రావచ్చు. అప్పుడు మంచి సరుకు ఇచ్చిన రైతు పేరూ చెడుతుంది, కొన్న వర్తకుని పెట్టుబడీ చిక్కుకుంటుంది.

దీనికి విరుగుడుగా వచ్చినదే బ్లాక్‌చెయిన్. మన చిట్టా, ఆవర్జాల వంటిదే. అయితే పుస్తకం ఒక్కరి గల్లాపెట్టెలో ఉండదు. రైతు, అడ్తిదారు, ఖరీదుదారు, ఎగుమతిదారు అందరి వద్దా ఒకే నకలు ఉంటుంది. ప్రతి పద్దూ ముందు పద్దుతో ముడిపడి ఉంటుంది గనుక ఒకటి దిద్దితే మిగిలిన నకళ్ళతో పొసగదు. 2016లో వాల్‌మార్ట్, ఐ.బి.ఎం. సంస్థలు తలపెట్టిన ప్రయోగంలో మామిడి ముక్కల ప్యాకెట్టు ఏ తోటదో తేల్చడానికి పూర్వం సుమారు 7 రోజులు పట్టగా, ఈ పద్ధతిలో 2.2 సెకన్లు పట్టింది.

మన దేశంలో సుగంధద్రవ్యాల బోర్డు, ఐక్యరాజ్య సమితి అభివృద్ధి కార్యక్రమం 2021 ఏప్రిల్‌లో ఇందుకు ఒప్పందం చేసుకున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో మిరప, పసుపు పండించే 3,000 మందికి పైగా రైతులతో ప్రయోగం తలపెట్టాయి. 2025 జనవరి 14న నిజామాబాదు కేంద్రంగా జాతీయ పసుపు బోర్డు ప్రారంభమైనందున ఈ విషయం మన వర్తకులకు మరింత దగ్గరైనది.

అయితే ఒక మాట మరువరాదు. ఈ చిట్టా వ్రాసినదాన్ని కాపాడుతుందే గాని, వ్రాసినది నిజమో కాదో చెప్పదు. కల్తీ సరుకును మంచిదని వ్రాస్తే ఆ అబద్ధమూ చెక్కుచెదరకుండా ఉంటుంది. కాబట్టి పరీక్ష పత్రం, సరైన తూకం తప్పవు. లాట్లను విడివిడిగా ఉంచాలంటే స్థలం, హమాలీ ఖర్చు పెరుగుతాయి. ఆ భారం రైతుపైనో అడ్తిదారుపైనో పడి, లాభం ఎగుమతిదారుకే దక్కితే పద్ధతి నిలవదు. హెచ్చు ధరలో అందరికీ వాటా ఉండాలి.

యంత్రాలు వచ్చేదాకా ఆగనవసరం లేదు. తక్‌పట్టీ మీద, బస్తా మీద ఒకే లాటు నంబరు వేయడం నేడే మొదలు పెట్టవచ్చు. రేపటి చిట్టాకు అదే మొదటి పద్దు.