గోడమీది పెట్టె – దానికి రెండు తీగలు



మందుల గది పక్కన గోడకు బిగించిన ఇనుప పెట్టెను మీలో చాలామంది చూసే ఉంటారు. "సిస్టరమ్మా, ఇది కరెంటు మీటరా?" అని అడుగుతుంటారు. మీటరు కాదు. దీన్ని కంట్రోలర్ అంటారు. టీకాల ఫ్రిజ్‌లో చల్లదనం, ఆపరేషన్ థియేటర్‌లో గాలి, ఆక్సిజన్ పైపులో ఒత్తిడి, ట్యాంకులో నీరు – వీటిని రాత్రింబగళ్లు కనిపెట్టి, తేడా వస్తే నర్సుల గదిలో గంట మోగిస్తుంది. ఇలాంటి పెట్టెలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి బ్యాక్‌నెట్ అనే ఉమ్మడి భాష ఉంది. అమెరికాలోని ఆష్రే అనే ఇంజనీర్ల సంఘం 1987లో దీని పని మొదలుపెట్టి 1995లో ప్రచురించింది. 2003లో ఇది అంతర్జాతీయ ప్రమాణమైంది.

మేము యంత్రాల చదువు చదివినవారము కాము. అయినా ఒక రాత్రి నేర్చుకున్న పాఠం మీతో చెప్పాలి.

పెట్టె బిగించిన మొదటి వేసవి అది. తెరమీద టీకాల ఫ్రిజ్ 5 డిగ్రీలని కనిపిస్తోంది. రాత్రి డ్యూటీ సిస్టరు అలవాటు ప్రకారం తలుపు తీసి లోపలి థర్మామీటరు చూస్తే 11 డిగ్రీలు! టీకాలు ఉండవలసింది 2 నుంచి 8 మధ్యలో. గంట మాత్రం మోగలేదు. వెంటనే టీకాలను కోల్డ్ బాక్సులోకి మార్చాము. మరునాడు సీసాల మీది గుర్తులు పరీక్షించి, డాక్టరుగారు సరేననేవరకు ఒక్క బిడ్డకూ టీకా వేయలేదు. ఎండలో పల్లెల నుంచి వచ్చిన తల్లులను తిప్పి పంపవలసి వచ్చినందుకు మాకు చాలా బాధ కలిగింది.

ఏమి జరిగింది? వోల్టేజి తగ్గి ఫ్రిజ్ స్టెబిలైజర్ ఆగిపోయింది. అది మామూలే. కానీ పెట్టె ఎందుకు చెప్పలేదు? దాని దీపం వెలుగుతూనే ఉంది. ఎలక్ట్రీషియన్ విప్పి చూస్తే, కబురు మోసే తీగను జనరేటర్ తీగతో కలిపి ఒకే పైపులో లాగారు. జనరేటర్ నడిచినప్పుడల్లా కబురు తెగిపోయేది. తెర మాత్రం చివరిసారి విన్న అంకెనే చూపిస్తూ ఉండేది.

ఈ పెట్టెకు రెండు రకాల తీగలు ఉంటాయి. ఒకటి ప్రాణం, రెండవది మాట.

ప్రాణమంటే కరెంటు. 230 వోల్టులను చిన్న ట్రాన్స్‌ఫార్మర్‌తో 24 వోల్టులకు తగ్గించి ఇస్తారు. ఒకే ట్రాన్స్‌ఫార్మర్ మీద రెండు పెట్టెలుంటే రెండింటికీ తీగల వరుస ఒకటిగానే ఉండాలి. తారుమారైతే పెట్టె కాలిపోవచ్చు. మెయిన్ ఆపకుండా దీన్ని ముట్టుకోరాదు. కరెంటు పోయినా నడవడానికి బ్యాటరీ ఉండాలి.

మాటంటే కబురు మోసే తీగ. ఇది జడలా మెలిపెట్టిన జంట తీగ. బయటి అలజడి రెండు పాయల మీద సమానంగా పడుతుంది. పెట్టె రెండింటి మధ్య తేడానే వింటుంది గనుక అలజడి చాలావరకు కొట్టుకుపోతుంది. ప్రార్థన కూటంలో పాటల పుస్తకం ఒకరి నుంచి ఒకరికి అందించినట్లు తీగ ఒక పెట్టె నుంచి మరొక పెట్టెకు వరుసగా పోవాలి. కొమ్మలు కొమ్మలుగా చీలిస్తే మాట ప్రతిధ్వనిస్తుంది. ఆ ప్రతిధ్వని ఆగడానికే వరుస రెండు చివర్లలో 120 ఓముల రెసిస్టర్ పెడతారు. ప్లస్ ప్లస్‌కే, మైనస్ మైనస్‌కే కలవాలి. తీగ పైతొడుగును ఒక్కచోట మాత్రమే ఎర్త్ చేయాలి.

ఆ ఎర్త్ సంగతి మన ఊరిలో మరీ ముఖ్యం. ఓర్వకల్లు రాతి నేల అని రాక్ గార్డెన్స్ చూసినవారికి చెప్పనక్కరలేదు. ఎండిపోయిన నేలలో ఎర్త్ సరిగా పనిచేయదు. అందుకే వేసవిలో ఎర్త్ గుంతలో నీళ్లు పోయిస్తున్నాము.

ఇప్పుడు కబురు తీగను వేరే పైపులో లాగించాము. అంకె రాకపోయినా గంట మోగేలా పెట్టించాము.

రోగుల బంధువులకు మా మనవి:

1. పెట్టె దగ్గర సాకెట్లలో సెల్‌ఫోను చార్జర్లు, నీళ్లు కాచే హీటర్లు పెట్టవద్దు.

2. గోడ వెంబడి పోయే సన్నని పైపుల మీద బట్టలు ఆరవేయవద్దు, సంచులు తగిలించవద్దు.

3. వరండాలో ఎర్త్ గుంత మూత మీద చెత్త వేయవద్దు.

4. గంట మోగుతూ నర్సు కనబడకపోతే ఎవరినైనా పిలవండి. మీరే ఆపవద్దు.

ఇన్సులిన్ వాడేవారికి ఒక మాట. ఇంట్లో ఫ్రిజ్ దీపం వెలిగినంత మాత్రాన లోపల చల్లగా ఉన్నట్టు కాదు. చిన్న థర్మామీటరు పెట్టుకోండి. ఇన్సులిన్‌ను డీప్ ఫ్రీజర్‌లో పెట్టవద్దు. గడ్డకట్టిన ఇన్సులిన్ పనికిరాదు.

పెట్టె వచ్చిందని మేము పుస్తకం మూసివేయలేదు. ఆదివారమైనా, పండుగైనా రోజుకు రెండుసార్లు మా సిస్టర్లు థర్మామీటరు కళ్లతో చూసి అంకె వ్రాస్తున్నారు. పెట్టె మాకు తోడు కావలివాడు మాత్రమే. కావలి బాధ్యత మాదే. దేవుడు ఈ పనిలో మాకు మెలకువ దయచేయాలని మీ ప్రార్థనలలో జ్ఞాపకం చేసుకొనండి.