అంకెలు తిరగేసి చెప్పమంటే

"సినిమా పాటలు పల్లవి నుంచి చివరి చరణం దాకా నోటికొచ్చు. పాఠమే బుర్రకెక్కదు." చదువులో వెనకబడ్డ పిల్లల గురించి తల్లిదండ్రులు తరచూ అనే మాట ఇది. తర్వాతి మాట, "అంతా బద్ధకమండీ!" అక్కడే పొరపాటు.

పదేపదే వినగా పాట ఎప్పటికీ నిలిచిపోతుంది. కానీ 27కి 15 నోటిలెక్కగా కలపాలంటే, ఏడూ ఐదూ పన్నెండు అనుకుని, పదుల లెక్క తేలేదాకా ఆ మిగిలిన ఒకటిని మనసులో పట్టుకోవాలి. కాసేపు పట్టుకుని, దానితో పని చేయించుకునే ఈ శక్తి వేరు. బ్రిటన్ సైకాలజిస్టులు అలన్ బాడలీ, గ్రాహం హిచ్ 1974లో దీన్ని వర్కింగ్ మెమరీ పేరిట వివరించారు. 'స్వాతంత్ర్యం' అని కూడబలుక్కునే పిల్లకు ఒత్తులన్నీ దాటి సున్న దగ్గరికొచ్చేసరికి మొదటి అక్షరం జారిపోతే, అది ఈ శక్తి చాలకపోవడం వల్ల కావచ్చు.

ఈ శక్తిని కొలిచే పరీక్ష చూడ్డానికి ఆటలా ఉంటుంది. సైకాలజిస్టు సెకనుకొకటి చొప్పున, ఏ రాగమూ లేకుండా అంకెలు చెబుతారు: 5, 2, 9. పిల్లవాడు అలాగే అప్పజెప్పాలి. తర్వాత వెనక నుంచి: 9, 2, 5. ఒక్కో అంకె పెరుగుతూ పోతుంది. కొందరు పిల్లలు తిరగేసేటప్పుడు కళ్లు మూసుకుంటారు, వేళ్లు మడుస్తారు. అనుభవమున్నవారు మార్కుతో పాటు ఆ వేళ్లనూ చూస్తారు. ఎందుకంటే ఒకే మార్కు వెనక వేర్వేరు కథలుంటాయి. ఒకడి చూపు మధ్యలో ఫ్యాను మీదికి పోతుంది. ఇంకొకడు చెవులు రిక్కించి విన్నా శబ్దాలు నిలవవు. అర్థంలేని మాటలు, 'పిలుగోమ' లాంటివి, తిరిగి పలకమన్నప్పుడు ఈ రెండోవాడి ఇబ్బంది మరింత బయటపడవచ్చు. చదవడం కష్టమయ్యే డిస్లెక్సియాలో ఇలాంటి తడబాటు తరచుగా కనిపిస్తుంది.

ఇంకో తిరకాసు భాష. వెల్ష్ అంకెలు పలకడానికి ఇంగ్లిష్ అంకెలకన్నా ఎక్కువ సమయం పడుతుందనీ, అందుకే రెండు భాషలూ వచ్చినవారు సైతం వెల్ష్‌లో తక్కువ అంకెలు గుర్తుంచుకున్నారనీ 1980లో ఒక అధ్యయనం చూపింది. మన 'ఎనిమిది', 'తొమ్మిది' ఎంత పొడవో చూడండి! ఇంగ్లిష్ పిల్లల కొలబద్దతో తెలుగు అంకెలను కొలిస్తే న్యాయమెలా అవుతుంది?

కాబట్టి ఈ మార్కు ఆధారమే, తీర్పు కాదు. ఏకాగ్రత కుదరని ఏడీహెచ్‌డీ సమస్య ఉన్న పిల్లల్లో కొందరు ఈ పరీక్షలో బాగానే నెగ్గుతారు. ఆ నిర్ధారణకు లక్షణాలు పన్నెండేళ్లలోపే మొదలై, ఇల్లు, బడి లాంటి కనీసం రెండు చోట్ల కనిపించాలి. చదవడంలో ఇబ్బందిని తేల్చాలంటే చదివించీ రాయించీ చూడాలి. అంతకన్నా ముందు చూపు, వినికిడి పరీక్ష చేయించాలి.

రిపోర్టు చేతికొచ్చినప్పుడు ఒక్కమాట అడగండి: మా పిల్లవాడికి అంకెలు ఏ భాషలో చెప్పారు, ఏ పిల్లలతో పోల్చారు?