ముగింపు తెలిసినా వినాలి

మా అచ్చంపేటలో కథల పోటీలకు రాసే పిల్లలు తక్కువేం లేరు. తెలుగు పంతులుగా రిటైరైనవాణ్ని కాబట్టి దిద్దమని నాకు తెచ్చిస్తుంటారు. ఎక్కువమందికి ఒకటే యావ: చివర్లో అదిరిపోయే మలుపుండాలి. దానికోసం ముందు పేజీలన్నీ గబగబా నడిపేస్తారు.

ఆమధ్య ఒక డిగ్రీ పిల్లగాడు బొంబాయి వలస మీద కథ తెచ్చాడు. పాలమూరు బిడ్డ కదా, విషయానికి కొదవలేదు. కానీ పేజీల నిండా కన్నీళ్లు, కడగండ్లు, దోపిడీ అన్న మాటలే. కాగితాలు పక్కన పెట్టించి అడిగాను.

"వాళ్లు బయల్దేరిన రాత్రి ఏమైంది, చెప్పు."

"ఏముంది సార్, మేస్త్రి జీపు తెచ్చిండు, మొగడూ పెండ్లాం ఎక్కిండ్రు. ముసలామె, పిల్ల ఇంటికాడ ఉండిపోయిండ్రు."

"ముసలామె ఏం గట్టిచ్చింది?"

"జొన్నరొట్టెలు, పల్లికారం." కాసేపు ఆగాడు. "బియ్యం పెట్టె తాళంచెవి కోడలి కొంగుకే పోయింది సార్. పొద్దుగాల చూసుకున్నరు."

రాసిన కథలో ఈ తాళంచెవి లేనే లేదు! చిన్న విషయమనుకుని వదిలేశాడట. నాకైతే కథ అక్కడే మొదలైంది. ముసలామె తాళం పగలగొడుతుందా? పక్కింటికి చేబదులుకు పోతుందా? ఆకలైన పిల్లకు ఏం చెబుతుంది? దారిద్ర్యం అన్న మాట ఒక్కసారి కూడా రాయనక్కర్లేదు.

మలుపు గురించి మాటొస్తే గురజాడను చూపిస్తాను. 1910లో 'ఆంధ్రభారతి'లో వచ్చిన 'దిద్దుబాటు' ఇప్పటికీ మంచి పాఠమే. భోగం మేళం చూసి అర్ధరాత్రి ఇల్లు చేరిన గోపాలరావుకు భార్య కమలిని కనబడదు, ఉత్తరం దొరుకుతుంది. ఆమె మంచం కిందే ఉందని చివర్లో గానీ మనకు తెలియదు. మలుపంటే ఇదే కదా అంటారు పిల్లలు. రెండోసారి చదవమంటాను. ఆమె ఎక్కడుందో తెలిశాక చదివితే, గోపాలరావు పడే ప్రతి పశ్చాత్తాపమూ మంచం కింద ఒకరు వింటున్నారని గుర్తొచ్చి ఇంకా రుచిగా ఉంటుంది. ఒక్క చదువుకే వాడిపోయే మలుపు నా లెక్కలో మలుపే కాదు.

తెలిసిన కథను మళ్లీ వినడమంటే నాకు గుర్తొచ్చేది మా పక్క లింగాల మండలంలోని అవుసలికుంటవాడు, పన్నెండు మెట్ల కిన్నెర వాయిస్తూ పాడే మొగులయ్య. 2022లో పద్మశ్రీ వచ్చాక దేశమంతా పేరు విన్నది. ఆయన పాడే పండుగ సాయన్న, ఉన్నోళ్లను దోచి లేనోళ్లకు పంచిన పాలమూరు వీరుడు. ఈ సీమలో ఆ కథ తెలియని పెద్దవాళ్లు అరుదు. అయినా కూర్చుని వింటారు. తర్వాత ఏమవుతుందోనన్న ఆత్రంతో కాదు, సాయన్న మళ్లీ కళ్లముందు నడవాలని.

ఆ వినికిడిని కాగితం మీదికి తెచ్చిన మనిషి పాకాల యశోదారెడ్డి. నాగర్‌కర్నూల్ దాటితే వచ్చే బిజినేపల్లిలో 1929లో పుట్టారు. ఉస్మానియాలో తెలుగు ఆచార్యులుగా పనిచేసిన, 'తెలుగులో హరివంశాలు' మీద పరిశోధన చేసిన పండితురాలు. గ్రాంథికం కొట్టినపిండి అయిన మనిషి, కథలకు వచ్చేసరికి మాత్రం 'మావూరి ముచ్చట్లు', 'ఎచ్చమ్మ కథలు' పాలమూరు నోటితోనే చెప్పారు. ఇవాళ చాలామంది యాసను తాలింపులా పైపైన చల్లుతున్నారు. పాత్ర నోరు తెరిస్తే తెలంగాణ, రచయిత నోరు తెరిస్తే పాఠ్యపుస్తకం. అట్లా రాస్తే రచయిత ఊరి బయట నిలబడి చూస్తున్నట్టే ఉంటుంది. యశోదారెడ్డి అరుగు మీద కూర్చుని చెప్పారు.

'మావూరి ముచ్చట్లు' ఎక్కడైనా దొరికితే కళ్లతో కాదు, గొంతెత్తి చదవండి. మీ కథ పత్రికకు పంపేముందు, ముగింపు ముందే చెప్పేసి ఇంట్లో ఎవరికైనా వినిపించండి. లేచిపోకుండా వింటే, పంపండి.