రాతి కమాను రహస్యం

కల్వకుర్తి చుట్టుపక్కల ఏదైనా పాత రాతిగుడి మండపంలో నిలబడి చూడండి. స్తంభాలు దగ్గరదగ్గరగా ఉంటాయి. ఎందుకో తెలుసా?

స్తంభాల మీద పరచిన రాతిదూలం బరువుకు కొద్దిగా వంగజూస్తుంది. అప్పుడు దాని పైభాగం నొక్కుకుంటుంది, అడుగుభాగం సాగజూస్తుంది. రాయి నొక్కుడుకు ఎంతో ఓరుస్తుంది గాని, లాగుడుకు ఓర్వలేదు. దూలం మరీ పొడవైతే అడుగున పగులుతుంది. అందుకే స్తంభాలను ఎడంగా నిలపలేదు.

ఈ చిక్కును తప్పించేదే కమాను. రాళ్ళను విల్లులాగా పేర్చితే ప్రతి రాయీ పక్కరాయిని నొక్కుతుందే గాని లాగదు. అయితే ఇందులోనూ ఒక తంటా ఉంది. కమాను తన కాళ్ళను పక్కలకు నెడుతుంది!

ఈ నెట్టుడును అదుపు చేసిన తీరు ఇంగ్లండు పల్లెల్లోని పాత చర్చీలలో కనిపిస్తుంది. 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచిన తరువాత కట్టిన చర్చీలలో కమానులు అర్ధవృత్తాకారంలో ఉంటాయి. నెట్టుడుకు ఆగేందుకు గోడలు బాగా మందంగా కట్టారు. కిటికీలు చిన్నవి, లోపల వెలుతురు తక్కువ.

12వ శతాబ్దం చివరికి అక్కడ మొనదేలిన కమాను వాడుకలోకి వచ్చింది. అది బరువును మరింత నిటారుగా కిందికి దించుతుంది. కాబట్టి పక్కనెట్టుడు తగ్గుతుంది. మిగిలిన నెట్టుడును ఆపడానికి గోడ బయట అక్కడక్కడా దన్నుగోడలు కట్టారు. వాటి మధ్య పెద్ద కిటికీలు పెట్టే వీలు కలిగింది.

అలాంటి మొనదేలిన కమానులను చూడటానికి ఇంగ్లండు వెళ్ళనక్కరలేదు. మెదక్ వెళ్ళండి! ఛార్లెస్ వాకర్ పోస్నెట్ అనే ఆంగ్ల మతబోధకుడు అక్కడ 1914లో చర్చి పని మొదలుపెట్టించారు. 1924 డిసెంబరు 25న దానికి ప్రారంభోత్సవం జరిగింది. పొడవు 200 అడుగులు, వెడల్పు 100 అడుగులు, గోపురం ఎత్తు 175 అడుగులు. కరువు రోజుల్లో ఎందరో పేదలకు ఈ పనే కూడు పెట్టింది. పద్ధతి పరాయి దేశానిది, చెమట మాత్రం మనవాళ్ళది.

ఇప్పుడు ఒక చిన్న ప్రయోగం. గట్టి అట్ట ఉన్న రెండు పుస్తకాలను నున్నని నేలమీద ఒకదానికొకటి ఆనించి నిలబెట్టండి. అడుగులు ఎడంగా పెడితే జారిపోతాయి. దగ్గరగా జరిపితే నిలుస్తాయి. ఎడంగానే ఉంచి, రెండు అడుగులకూ బయటివైపు చెరొక బరువైన రాయి అడ్డం పెట్టండి. ఇప్పుడు జారవు. ఆ రాళ్ళే మీ దన్నుగోడలు!