మీకు తెలుసా? పింఛను పెంచమనాలన్నా ‘తగ్గించండి’ అనే అడగాలి

వృద్ధాప్య పింఛన్లకు కేటాయించింది చాలదు, ఇంకో వెయ్యి కోట్లు కలపండి అని శాసనసభలో ప్రతిపక్ష సభ్యుడు తీర్మానం పెట్టవచ్చా? కుదరదు. రాజ్యాంగం 203వ అధికరణం ప్రకారం పద్దు ముందుకొచ్చినప్పుడు సభ మూడే పనులు చేయగలదు: ఒప్పుకోవడం, కాదనడం, తగ్గించి ఒప్పుకోవడం. పెంచే అధికారం సభకు లేదు. గవర్నరు సిఫారసు లేనిదే, అంటే ప్రభుత్వం తలచుకోనిదే, డబ్బు అడిగే పద్దు సభలోకే రాదు.

మరి చాలదన్న సంగతి చెప్పుకొనేదెలా? తమాషా అంతా ఇక్కడే ఉంది. ఫలానా పద్దులో వంద రూపాయలు తగ్గించాలని కోత తీర్మానం ఇస్తారు. వేల కోట్ల పద్దులో వంద రూపాయలు పోతే ఎవరికీ చీమ కుట్టినట్టయినా ఉండదు. ఆ వంద పేరుతో నోరు విప్పే అవకాశం దొరుకుతుంది, అంతే. విధానమే తప్పనుకుంటే మొత్తం పద్దును ఒక్క రూపాయికి కుదించాలని కూడా అడగవచ్చు. కోత తీర్మానం నెగ్గితే సర్కారు సభ విశ్వాసం పోగొట్టుకున్నట్టే. కాబట్టి మెజారిటీ ఉన్నంతకాలం అది నెగ్గదు. గడువు ముగిసే రోజుకు చర్చకు రాని పద్దులన్నిటినీ గిలెటిన్ కింద పెట్టి ఒకేసారి ఓటుతో గట్టెక్కిస్తారు.

అసలు ఓటే అక్కర్లేని ఖర్చులూ ఉన్నాయి. గవర్నరు జీతభత్యాలు, స్పీకరు జీతం, హైకోర్టు జడ్జీల జీతాలు, రాష్ట్రం చేసిన అప్పు మీద వడ్డీ ఈ కోవలోవి. వీటిపై సభ చర్చించవచ్చు గానీ ఓటు వేయకూడదు. అప్పిచ్చిన బ్యాంకుకు దక్కిన ఈ భద్రత పింఛను తీసుకునే అవ్వకు లేదు. ఆమె డబ్బుకు ఏటా సభ ఆమోదం కావాల్సిందే.

బడ్జెట్ రాకముందే వచ్చిన పెంపు

ఆంధ్రప్రదేశ్‌లో పింఛను 3,000 నుంచి 4,000 అయింది 2024 జూలై 1న. ఏప్రిల్, మే, జూన్ నెలల బకాయి నెలకు వెయ్యి చొప్పున కలిపి ఆ రోజు ఒక్కొక్కరి చేతిలో 7,000 పెట్టారు. 65 లక్షల మందికి పైగా, 4,400 కోట్లకు పైగా. మరి ఆ ఏడాది పూర్తి బడ్జెట్ సభకు ఎప్పుడొచ్చిందో తెలుసా? నవంబర్ 11న! ఎన్నికల ముందు పాత ప్రభుత్వం తీసుకున్న ఓటాన్ అకౌంట్, అంటే కొన్ని నెలల ఖర్చుకు తాత్కాలిక అనుమతి, జూలై ఆఖరుతో ముగిసింది. ఆపైన కొత్త ప్రభుత్వం ఆర్డినెన్సుతో నాలుగు నెలలు నడిపింది. అంటే రాష్ట్ర చరిత్రలోనే ఒక పెద్ద సంక్షేమ పెంపు పూర్తి బడ్జెట్ మీద ఒక్క గంట చర్చ కూడా జరగకముందే అమల్లోకి వచ్చింది. పెంపు మంచిదే, అడిగేవాళ్లే లేరు. అయితే బడ్జెట్ చర్చలోనే పింఛన్ల తలరాత తేలుతుందనుకోవడం మాత్రం భ్రమ.

సభ అడ్డుపడితే ఏమవుతుందో కూడా ఒకసారి చూశాం. 2020 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ శాసనమండలి, ఖజానా నుంచి డబ్బు తీసేందుకు అనుమతిచ్చే ద్రవ్య వినిమయ బిల్లును తేల్చకుండానే నిరవధికంగా వాయిదా పడింది. మండలికి ద్రవ్య బిల్లును తిరస్కరించే హక్కు లేదు, 14 రోజులు ఆపగలదు. ఆ 14 రోజులు గడిచేదాకా ఖజానా కదలలేదు, జూలై ఒకటిన రావాల్సిన ఉద్యోగుల జీతాలు ఆలస్యమయ్యాయి.

ఆ రెండు వందల కథ

పింఛన్లలో కేంద్రం వాటా ఎంతో తెలుసా? 60 నుంచి 79 ఏళ్ల వృద్ధుడికి నెలకు 200 రూపాయలు. 80 దాటితే 500. వితంతువులకు, తీవ్ర వైకల్యం ఉన్నవారికి 300.

జాతీయ సామాజిక సహాయ కార్యక్రమం 1995 ఆగస్టు 15న మొదలైంది. అప్పుడు వృద్ధాప్య పింఛను 75 రూపాయలు. 2006లో దాన్ని 200 చేశారు. 2007లో ఇందిరాగాంధీ పేరు పెట్టారు. 2011లో అర్హత వయసును 65 నుంచి 60కి దించారు, 80 దాటినవారికి 500 అన్నారు. 60 నుంచి 79 దాకా ఉన్నవారి 200 మాత్రం అలాగే ఉండిపోయింది. ప్రధానులు మారారు, ఆర్థిక మంత్రులు మారారు, బియ్యం ధర, మందుల ధర, ఆటో ఛార్జీ అన్నీ మారాయి. లబ్ధిదారుల సంఖ్యకూ పరిమితి ఉంది, దాన్ని 2001 జనాభా లెక్కల మీదే కట్టారు.

ఆ 200ను ఏ ప్రభుత్వమూ తగ్గించలేదు. తగ్గిస్తామంటే గగ్గోలు పుడుతుంది, పేపర్లో వస్తుంది, వీధిలో ధర్నా జరుగుతుంది. ఊరుకుంటే ఏమీ జరగదు. ధరలు రెట్టింపు దాటిపోయాక ఆ 200 విలువ సగానికన్నా తక్కువకు పడిపోయింది. దీనికి ఎవరూ కోత అని పేరు పెట్టలేదు, ఎవరూ ఓటు వేయలేదు. నా దృష్టిలో సంక్షేమ పద్దులకు పడే అసలైన కోత ఇదే.

అటు ఢిల్లీ ఊరుకుంటే ఇటు భారమంతా రాష్ట్రాల మీద పడింది. ఒక చిన్న గుణకారం చేద్దాం. ఆంధ్రప్రదేశ్‌లో తక్కువలో తక్కువ 60 లక్షల మందికి నెలకు 4,000 చొప్పున ఇస్తే నెలకు 2,400 కోట్లు, ఏడాదికి 28,800 కోట్లు. వికలాంగుల అదనపు మొత్తాలు ఇందులో కలపలేదు. అదే 2024-25లో దేశం మొత్తానికి కలిపి కేంద్రం ఈ కార్యక్రమానికి కేటాయించింది 9,652 కోట్లు. ఆంధ్రప్రదేశ్ ఒక్కటే దేశమంతటి కేటాయింపునకు దాదాపు మూడింతలు ఖర్చు పెడుతోంది!

తెలంగాణలో ఆసరా పింఛను 2014లో 1,000తో మొదలై 2019లో 2,016 అయింది. ఆ పదహారు ఎందుకంటే ఎవరికీ వివరించనక్కర్లేదు, పెళ్లి చదివింపుల్లో నూటపదహార్లు రాయించినవాళ్లం. కల్యాణలక్ష్మి కూడా 1,00,116 కావడం అందుకే. పదహారు కలిపితే మొత్తం మర్యాదగా కనిపిస్తుంది, ఖజానాకూ పెద్ద బరువు కాదు. అర్హత వయసును 57కి తగ్గిస్తామని 2018 ఎన్నికల్లో చెప్పిన మాట మాత్రం 2022 ఆగస్టులో గానీ చేతికి పింఛనుగా అందలేదు. వయసుకూ, ఇంటికి ఎన్ని పింఛన్లు అన్నదానికీ ఓటింగు ఉండదు, జీవో చాలు. ఒక ఇంట్లో భార్యాభర్తలిద్దరూ ముసలివాళ్లయితే మామూలుగా ఒక్కరికే వస్తుంది. పద్దులో అంకె మారకుండానే ఈ ఒక్క నిబంధన ఎంత డబ్బు మిగులుస్తుందో ఊహించుకోండి.

బియ్యం ధర, మందు ఆదాయం

కిలో బియ్యం ధర చరిత్ర చదివితే మన రాష్ట్ర బడ్జెట్ల చరిత్ర చదివినట్టే. ఎన్టీఆర్ రెండు రూపాయలకు ఇస్తానంటే, 1983 ఎన్నికలకు ముందే కోట్ల విజయభాస్కరరెడ్డి ప్రభుత్వం 1.90కి ఇస్తానంది. పది పైసలు తక్కువ! ఓటర్లు రెండు రూపాయల వైపే మొగ్గారు. ఆ తర్వాత కాంగ్రెస్ హయాంలో 3.50 అయింది. 1994 డిసెంబరులో ఎన్టీఆర్ తిరిగొచ్చి మళ్లీ రెండు రూపాయలు చేశారు, దాంతోపాటే మద్యనిషేధమూ తెచ్చారు. ఒక చేత్తో సబ్సిడీ పెంచి, ఇంకో చేత్తో ఎక్సైజ్ ఆదాయం వదులుకుంటే ఖజానా ఎంతకాలం నిలుస్తుంది? చంద్రబాబు ముఖ్యమంత్రి అయ్యాక 1996లో బియ్యం ధర 3.50కి వెళ్లింది, 1997లో నిషేధం సడలింది. తర్వాత ధర 5.25 దాకా పోయింది. 2008లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి మళ్లీ రెండు రూపాయలు చేశారు, 2011 నవంబరులో కిరణ్‌కుమార్‌రెడ్డి రూపాయి చేశారు. బియ్యం రేటూ మందు ఆదాయమూ ఒకే తక్కెడలో ఉన్నాయని అప్పుడు సభలో ఎవరూ అంత సూటిగా ఒప్పుకోలేదు గానీ, లెక్కలు చెప్పింది అదే.

కేరళ సూటిగానే ఒప్పుకుంది. 2023-24 బడ్జెట్‌లో ఆర్థికమంత్రి కె.ఎన్. బాలగోపాల్ సామాజిక భద్రతా పింఛన్ల కోసమని పెట్రోలు, డీజిలు మీద లీటరుకు రెండు రూపాయల సెస్సు వేశారు, మద్యం సీసాల మీదా వేశారు. ఆ రాష్ట్రం అంతకుముందే, 2018లో, పింఛన్ల పంపిణీకి అప్పు తెచ్చేందుకు ఒక ప్రత్యేక కంపెనీని పెట్టింది. ఆ అప్పు బడ్జెట్ పుస్తకంలో కనిపించేది కాదు. కాగ్ తప్పు పట్టింది. అది కూడా రాష్ట్రం అప్పేనని కేంద్రం లెక్కగట్టి, రుణ పరిమితిలో కోసేసింది. కేరళ 2023 డిసెంబరులో సుప్రీంకోర్టుకు వెళ్లింది, 2024 ఏప్రిల్ 1న కోర్టు ఆ వివాదాన్ని ఐదుగురు జడ్జీల ధర్మాసనానికి పంపింది. ఈలోగా పింఛను నెలల తరబడి రాక, ఇడుక్కి జిల్లా అడిమాలిలో ఇద్దరు వృద్ధ మహిళలు 2023 నవంబరులో వీధిలో యాచించి నిరసన తెలిపారు. రాష్ట్రాల అప్పుల గురించి చెప్పే 293వ అధికరణం మీద ఢిల్లీలో ఎంత వాదన జరిగినా, చివరికి అది వచ్చి తగిలేది ఇలాంటి చోటే.

ధరలతోపాటు పింఛను తనంతట తానే పెరిగేలా చట్టం చేయలేమా? రాజస్థాన్ చేసింది. 2023 జూలైలో ఆమోదించిన కనీస ఆదాయ హామీ చట్టంలో పింఛను ఏటా 15 శాతం పెరగాలని రాశారు, జూలైలో ఐదు, జనవరిలో పది. అప్పటికి పింఛను 1,000. ప్రభుత్వం మారాక 2024లో 1,150 అయింది, లెక్క సరిపోయింది. 2025 బడ్జెట్‌లో ప్రకటించింది 1,250. పదిహేను శాతం చొప్పున అయితే 1,322 దాటాలి. చట్టం ఉన్నా ఏటా కాపలా తప్పదన్నమాట.

మురిగిపోయే డబ్బు

మార్చి 31లోపు ఖర్చు కాని కేటాయింపు మురిగిపోతుంది. సభలో ఎంత గర్వంగా చదివినా సరే. ఎస్సీ, ఎస్టీ ఉపప్రణాళిక నిధులకు ఏళ్ల తరబడి ఇదే గతి పట్టింది. దళిత, గిరిజన సంఘాల పోరాటం ఫలితంగా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2013లో ఉపప్రణాళికకు చట్టం చేసింది, దేశంలో అలాంటిది అదే మొదటిది. అయితే దానికి పదేళ్ల ఆయుష్షే రాశారు. ఆంధ్రప్రదేశ్ తర్వాత గడువు పొడిగించుకుంది. తెలంగాణ 2017లో వేరే చట్టం తెచ్చి, ఖర్చు కాని మొత్తాన్ని మరుసటి ఏడాదికి కలపాలని రాసింది. కాగితం మీద ఇది మెరుగైన ఏర్పాటు.

బడ్జెట్ రోజున టీవీలో తిరిగేది బడ్జెట్ అంచనా ఒక్కటే. అదే పుస్తకంలో ప్రతి పద్దు పక్కన నాలుగు అంకెలుంటాయి: రెండేళ్ల కిందట నిజంగా ఖర్చయింది, నడుస్తున్న ఏడాది అంచనా, దాని సవరించిన అంచనా, వచ్చే ఏడాది అంచనా. ఈ పుస్తకాలు రెండు తెలుగు రాష్ట్రాల ఆర్థికశాఖల వెబ్‌సైట్లలో ఉచితంగా దొరుకుతాయి. ఈసారి మీ ఎమ్మెల్యే ఫలానా పథకానికి ఇన్ని వేల కోట్లని ఊళ్లో చెప్పినప్పుడు, ఆ పద్దులో మొదటి గడిలో ఉన్న అంకె ఎంతని అడగండి.