పునాదికి ముందు సంప్రదింపు

“ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు” అని మన పెద్దలు ఊరకనే అనలేదు. ఈ రెండు కార్యాలలోనూ ఖర్చు కంటె ముందు ఆలోచన అవసరం. సంబంధం ఖాయపరచుకొనే ముందు నలుగురినీ విచారించే మనం, ఇల్లు కట్టబోయే ముందు మాత్రం మేస్త్రీని తప్ప వేరొకరిని విచారించము. నగరపాలక సంస్థ అనగానే దరఖాస్తు పెట్టేచోటు, రుసుము కట్టేచోటు అన్న భావమే గాని, ముందుగా సలహా అడగదగిన చోటు అన్న భావం మనలో లేదు. ఈ లోపం వలన కలిగే నష్టాన్ని, దానిని తప్పించుకొనే మార్గాన్ని విద్యార్థులకు వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మొదట మా కుటుంబంలోని ఒక అనుభవాన్ని చెప్పుకొంటాను. మా మేనమామగారు ఉపాధ్యాయులుగా పదవీ విరమణ చేసి, చేతికి వచ్చిన సొమ్ముతో ఒక పట్టణంలో ఇల్లు మొదలుపెట్టారు. స్తంభాలు లేచిన తరువాత గాని అనుమతి కొరకు దరఖాస్తు పెట్టలేదు. ఇంటి ముందరి వీథిని వెడల్పు చేయాలని పట్టణపు మాస్టర్ ప్లానులో నిర్ణయమై ఉన్నదని, ముందుగది ఆ గీత లోపలికి వస్తున్నదని అప్పుడు తెలిసింది. ఆ పటం కార్యాలయపు గోడకే వేలాడుతూ ఉన్నది. చూచినవారు లేరు. రెండు స్తంభాలు పడగొట్టించవలసి వచ్చింది. కూతురి పెళ్లికని దాచిన సొమ్ములో కొంత ఆ మట్టిలో కలిసిపోయింది. ఇందులో కార్యాలయపు దోషం కంటె మా తొందరపాటే ఎక్కువ అని నేను ఒప్పుకొంటాను.

ఇట్టి తొందరపాటును నివారించడానికి ఇతర దేశాలలో ఒక పద్ధతి ఏర్పడి ఉన్నది. ఇంగ్లండునే తీసుకొందాము. అక్కడ 1947లో వచ్చిన పట్టణ, గ్రామ ప్రణాళికా చట్టం నాటినుండి కొత్త నిర్మాణాలకు సాధారణంగా స్థానిక సంస్థ అనుమతి కావలసిందే. అయితే దరఖాస్తుకు పూర్వమే సలహా కోరే ఏర్పాటు కూడా ఆ సంస్థలలో కలదు. ఇట్టి సలహాకు రుసుము తీసుకొనే అధికారాన్ని 2003 నాటి చట్టం ఆ సంస్థలకు ఇచ్చింది. కట్టదలచినవారు స్థలపు పటాన్ని, చిత్తు నమూనాను, తమ ఉద్దేశాన్ని తెలిపే చిన్న లేఖను సమర్పిస్తారు. అధికారి వాటిని పరిశీలిస్తాడు. అవసరమైతే స్థలాన్ని చూస్తాడు, సమావేశమై మాట్లాడతాడు. పిదప ఎత్తు తగ్గించవలెనా, చెట్లను కాపాడవలెనా, వాహనాల రాకపోకలకు దారి చాలునా అన్న విషయాలపై తన అభిప్రాయాన్ని తెలుపుతాడు.

ఇక్కడ ఒక సూక్ష్మాన్ని గ్రహించాలి. ఆ అభిప్రాయం అనుమతి కాదు. సలహా అనుకూలంగా ఉన్నంత మాత్రాన తుది నిర్ణయం అనుకూలంగా ఉండితీరాలన్న నియమం లేదు. అయినా దాని విలువ తక్కువది కాదు. కాగితంపై గీతను చెరిపివేయడానికి రబ్బరు ముక్క చాలు. కట్టిన గోడను చెరపడానికి గడ్డపార కావాలి. సలహా వలన లాభం ఈ రెంటికీ గల తేడాయే.

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం ఇంకొక అడుగు ముందుకు వేసింది. 2020లో అమలులోకి వచ్చిన ఒక చట్టం ప్రకారం, గృహనిర్మాణం తలపెట్టినవారు ముందుగా ఒక ప్రాథమిక దరఖాస్తును సమర్పించవచ్చును. ఆనాటికి ఏ నియమాలున్నవో, సాధారణంగా ఆ నియమాలే వారికి వర్తిస్తాయి. అయితే 180 రోజులలో పూర్తి దరఖాస్తు పెట్టాలి. నడుమ నియమాలు మారిపోతాయేమో అన్న భయాన్ని ఈ ఏర్పాటు చాలవరకు తొలగించింది.

ఇక మన సంగతి. తెలంగాణలో 2020లో వచ్చిన టీఎస్-బీపాస్ చట్టం అనుమతుల జాప్యాన్ని తగ్గించడానికి ఉద్దేశింపబడింది. 75 చదరపు గజాల లోపు స్థలంలోని చిన్న ఇంటికి నమోదు చాలునని, 500 చదరపు మీటర్ల లోపు స్థలంలో 10 మీటర్ల ఎత్తు వరకు యజమాని స్వీయ ధ్రువీకరణపై తక్షణ అనుమతి లభిస్తుందని, అంతకు మించినవాటికి 21 రోజులలో నిర్ణయం వెలువడాలని అది నిర్దేశించింది. ఇది మెచ్చదగిన మార్పే. కాని స్వీయ ధ్రువీకరణ అనగా, నియమాలన్నీ తెలుసుకొన్నాను, పాటిస్తాను అని యజమాని తన చేవ్రాలుతో చెప్పడమే. ఆ మాట తప్పని తేలితే కట్టడాన్ని కూల్చివేసే అధికారం కూడా ఆ చట్టంలోనే ఉన్నది. కావున అనుమతి ఎంత త్వరగా వస్తుందో, ముందు విచారణ అంత అవసరమౌతుంది.

ఏమి విచారించాలి? ముఖ్యమైనవి అయిదు.

మొదటిది, భూవినియోగం. మాస్టర్ ప్లానులో ఆ స్థలం నివాసానికా, వాణిజ్యానికా, ఉద్యానానికా అన్నది, ముందరి వీథిని విస్తరించే ప్రతిపాదన ఉన్నదా అన్నది తెలుసుకోవాలి.

రెండవది, నీరు. 1908లో మూసీ వరద ఈ నగరానికి నేర్పిన పాఠం మరువరానిది. 2012 నాటి భవన నిర్మాణ నియమాలు, 10 హెక్టార్లు అంతకు మించిన చెరువుకు పూర్తి నీటిమట్టపు హద్దునుండి 30 మీటర్లు, అంతకంటె చిన్న చెరువుకు 9 మీటర్లు విడిచిపెట్టాలని చెప్పినవి. వేసవిలో ఎండిన చెరువును చూచి హద్దును ఊహించుకోరాదు.

మూడవది, చారిత్రక కట్టడాల సామీప్యం. చార్మినారు, గోల్కొండ వంటి కేంద్ర రక్షిత కట్టడాలకు 100 మీటర్ల లోపు నిషిద్ధ ప్రాంతం, దానిపై మరి 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. 1958 నాటి చట్టానికి 2010లో చేసిన సవరణ దీనిని గట్టిపరచింది. పాత ఇంటి మరమ్మతుకు సైతం ఇక్కడ ముందు అనుమతి కావాలి. పాతనగరంలో నివసించే మన విద్యార్థుల కుటుంబాలు దీనిని ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి.

నాలుగవది, ఎత్తు. విమానాశ్రయాల చుట్టూ ఎంత ఎత్తు వరకు కట్టవచ్చునో రంగులతో సూచించే పటాలు ఉన్నవి. వాటిని ముందే చూస్తే పై అంతస్తుల ఆశ నిజమో కాదో తేలిపోతుంది.

అయిదవది, అగ్నిమాపక శాఖ సమ్మతి. పాఠశాలలు, సమావేశ మందిరాల వంటి జనసమ్మర్ద భవనాలు 500 చదరపు మీటర్ల స్థలాన్ని గాని, 6 మీటర్ల ఎత్తును గాని మించితే ఈ శాఖ ముందస్తు అనుమతి కావాలని 2012 నియమాలు చెప్పినవి. మెట్ల వెడల్పు, నీటితొట్టి, రెండవ ద్వారం మొదలైనవి కట్టిన తరువాత చేర్చేవి కావు. పిల్లల ప్రాణాలు ముడిపడిన ఈ విషయంలో అలసత్వం క్షంతవ్యం కాదు.

విచారణకు వెళ్లే సమయం కూడా ముఖ్యమే. ఏ ఆలోచనా లేకుండా వెళితే అధికారి చెప్పగలిగినది ఏమీ ఉండదు. పూర్తి ప్లాను గీయించి వెళితే దానిని మార్చడానికి మనకు మనసొప్పదు. చిత్తు పటం సిద్ధమైననాడు వెళ్లడం ఉత్తమం. స్థలపు కొలతలు, దస్తావేజు నకలు, వీథి వెడల్పు, కట్టదలచిన అంతస్తుల సంఖ్య వెంట ఉండాలి. ప్రశ్నలను వ్రాసుకొని వెళ్లాలి. “కట్టుకోవచ్చునా?” అని అడిగితే “చూద్దాం” అన్న జవాబే వస్తుంది. “వెనుక ఎన్ని మీటర్లు విడవాలి?” అని అడిగితే ఒక అంకె వస్తుంది. చెప్పినవారి హోదాను, తేదీని, సారాంశాన్ని నమోదు చేసుకొని, ముఖ్య విషయాలను లేఖ ద్వారా అడిగి జవాబు పొందడం శ్రేయస్కరం. నోటిమాట గాలికి పోతుంది. వ్రాతకే విలువ. మధ్యవర్తి “అంతా నేను చూసుకొంటాను” అన్నచోట మరింత జాగ్రత్త అవసరం. చేవ్రాలు అతనిది కాదు, మనది.

ఉర్దూలో ‘మష్వరా’ అనే చక్కని మాట ఉన్నది. పని చేసిన తరువాత పుచ్చుకొనేదానిని ఎవరూ మష్వరా అనరు. విద్యార్థులారా, రేపు మీలో కొందరు ఇంజనీర్లు, కొందరు అధికారులు, అందరూ గృహస్థులు కాగలరు. ఈ అలవాటును ఇప్పుడే మీ ఇండ్లలో ప్రవేశపెట్టండి. తండ్రిగారు ఇంకొక గది వేయదలచినప్పుడు, “నాన్నగారూ, ముందు ఒకసారి పటం చూసి వద్దాము” అని చెప్పగలిగితే, మీ చదువు ఇంటికి ఉపయోగపడినట్లే.

పాలకవర్గ పెద్దలకు ఒక మనవి. మన కళాశాలలోని ప్రతి ఇటుక ఎవరో ఒకరి విరాళం. ముందుముందు ఏ గది కట్టినా, ఏ అంతస్తు వేసినా, శంకుస్థాపన తేదీని నిర్ణయించే ముందు చిత్తు పటంతో సంబంధిత కార్యాలయాలను సంప్రదించి, వచ్చిన జవాబులను ఒక దస్త్రంలో భద్రపరచవలసిందిగా కోరుతున్నాను. ఆ పని కొన్ని వారాల ఆలస్యానికి కారణం కావచ్చును. దాత ఇచ్చిన రూపాయి పడగొట్టే గోడకు పోకుండా ఉండడానికి ఆ కొన్ని వారాలు ఎక్కువ కావు.