బీటు ఎవరిది? పేరు ఎవరికి?

ఇంటర్వ్యూకి వెళ్లిన ఫ్రెషర్లకు తరచూ ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది. ‘ఫైనలియర్ ప్రాజెక్టులో నువ్వేం చేశావ్?’ చాలామంది చెప్పే జవాబు కూడా ఒకటే: ‘మా బ్యాచ్ నలుగురం కలిసి చేశాం సార్.’ అడిగింది నీ గురించి, చెప్పింది బ్యాచ్ గురించి. తర్వాతి ప్రశ్న వచ్చేసరికి నోరు పెగలదు.

చిత్రమేంటంటే ఇలాంటి ప్రశ్నకే ఈ కుర్రాళ్లు వేరేచోట భలేగా జవాబు చెబుతారు. పెద్దతిప్పసముద్రం నుంచి మదనపల్లె కాలేజీలకు వెళ్లే బస్సుల్లో వెనక సీట్ల దగ్గర, పుంగనూరు, కుప్పం హాస్టళ్లలో రాత్రి భోజనాలయ్యాక రాపర్ల మీద సాగే వాదనలు ఓసారి వినండి. ‘కల్మి బీటు లేకుంటే ఆయప్పకు ఏముంది?’ అని ఒకరంటే, ‘కల్మితో చేయని పాటలు విన్నావా నువ్వు?’ అని ఇంకొకరు లేస్తారు. ఏ ఆల్బమ్ గొప్పది, దాన్ని నిలబెట్టిందెవరు, మనిషి ఎదిగాడా లేక అక్కడే ఆగాడా... టైంపాస్ కబుర్లే. కానీ అందులో ఉన్నది ‘ఈ పనిలో ఎవరి వాటా ఎంత?’ అన్న ప్రశ్నే.

వాదనకు కేంద్రం హనుమాన్‌కైండ్. అసలు పేరు సూరజ్ చెరుకట్. కేరళలోని మలప్పురంలో పుట్టి, అమెరికాలో హ్యూస్టన్‌లో పెరిగాడు. తిరిగొచ్చి కోయంబత్తూరులో డిగ్రీ చదివాడు, బెంగళూరులో గోల్డ్‌మన్ శాక్స్‌లో ఉద్యోగం చేశాడు, తర్వాత దాన్ని వదిలి రాప్‌లోకి వచ్చాడు. (ఈ వాక్యం చదివి రేపే రాజీనామా రాయకండి. ముందు ఉద్యోగం రానివ్వండి!) 2024 జులైలో వచ్చిన ‘బిగ్ డాగ్స్’ అమెరికాలోని బిల్‌బోర్డ్ హాట్ 100 జాబితాలో 23వ స్థానం దాకా వెళ్లింది. ఆ పాటకు బీటు కట్టిన కల్మి మన హైదరాబాద్ కుర్రాడు. తెలుగు అభిమానులకు పట్టింపు అక్కడే మొదలవుతుంది.

ప్రొడ్యూసర్ అంటే డబ్బు పెట్టేవాడు కాదు

మనకు ప్రొడ్యూసర్ అనగానే సినిమాకు పెట్టుబడి పెట్టే నిర్మాత గుర్తొస్తాడు. రాప్‌లో ఆ మాటకు అర్థం వేరు. డ్రమ్స్ ఎలా పడాలి, బేస్ ఎంత బరువుండాలి, పాట ఎంత వేగంతో నడవాలి, ఎక్కడ శబ్దం ఆపేసి గొంతు ఒక్కదాన్నే వదలాలి... ఇవన్నీ తేల్చేవాడు ప్రొడ్యూసర్. మన సంగీత దర్శకుడికి దగ్గరి బంధువు అనుకోండి. చాలాసార్లు ముందు బీటు తయారవుతుంది. దాన్ని వింటూ రాపర్ మాటలు రాసుకుంటాడు. ఏ అక్షరం దెబ్బ మీద పడాలి, ఏది దెబ్బ తప్పించి పడాలి, ఊపిరి ఎక్కడ తీసుకోవాలి అన్నది అతని విద్య.

అందుకే ‘పాట బాగుంది’ అన్న మాటతో ఎవరి గొప్పా తేలదు. బాగున్నది బీటా, మాటా, గొంతా, లేక వీడియోనా? ‘బిగ్ డాగ్స్’ విషయంలో నాలుగోదాన్ని తక్కువ చేయలేం. మన జాతరల్లో చూసే మృత్యుబావి ఉంది చూడండి, నిలువు గోడ మీద బైకులు, కార్లు తిరిగే ఆట. దాని మధ్యలో రాపర్‌ని నిలబెట్టి వీడియో తీసింది దర్శకుడు బిజోయ్ శెట్టి. పాటను మొదట చెవితో కాక కంటితో పట్టుకున్న విదేశీ శ్రోతలు తక్కువేం కాదని నా అనుమానం.

మరి వాటా తేల్చడం ఎలా? సైన్స్ ల్యాబ్‌లో చేసినట్టే. ఒకటి కదలకుండా పెట్టి రెండోదాన్ని మార్చి చూడాలి. హనుమాన్‌కైండ్ పరిమళ్ షైస్‌తో చేసిన ‘డ్యామ్‌సన్’ వినండి. సుశిన్ శ్యామ్ సంగీతంలో మలయాళ సినిమా ‘ఆవేశం’ కోసం చేసిన ‘ద లాస్ట్ డ్యాన్స్’ వినండి. తర్వాత కల్మితో చేసిన ‘జెంగిస్’, ‘బిగ్ డాగ్స్’ వినండి. ముగ్గురు సంగీతకారులు, ఒకే రాపర్. మూడుచోట్లా మారకుండా మిగిలేది ఏదో అది రాపర్ సొత్తు. నా చెవికైతే ఆ హ్యూస్టన్ యాస, ముందుకు తోసుకొచ్చే ఆ గొంతు మూడింట్లోనూ ఉన్నాయి. కల్మి లేకుంటే ఏమీ లేదనడం అన్యాయం. అయితే ఆ గొంతు చుట్టూ ఖాళీ ఎక్కడ వదలాలో కల్మికి తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియలేదన్నది కూడా నా అభిప్రాయమే. మీరు ఒప్పుకోకపోవచ్చు, కానీ ఏ పాటతో ఒప్పుకోరో చెప్పాలి.

ఎదగడమంటే ఏంటి?

రెండో గొడవ ఎదుగుదల మీద. ఇక్కడ వాదన చెడిపోవడానికి కారణం ఎవరూ కొలబద్ద చెప్పకపోవడమే. ఒకరు వ్యూస్ లెక్కిస్తారు, ఒకరు మాటల లోతు చూస్తారు, మరొకరు ‘పాత కసి ఏదిరా?’ అంటారు. ముగ్గురూ మూడు పరీక్షల మార్కులు పోల్చుకుంటున్నట్టు!

కెండ్రిక్ లామార్ సంగతి చూడండి. 2012 నాటి ‘గుడ్ కిడ్, మ్యాడ్ సిటీ’ నుంచి 2024 నాటి ‘జీఎన్‌ఎక్స్’ దాకా ప్రొడ్యూసర్ సౌన్‌వేవ్ అతని వెంటే ఉన్నాడు. అయినా ఏ రెండు ఆల్బమ్‌లూ ఒకలా ఉండవు. 2015లో ‘టు పింప్ ఎ బటర్‌ఫ్లై’కి టెర్రెస్ మార్టిన్, థండర్‌క్యాట్ లాంటి జాజ్ తెలిసినవాళ్లను తెచ్చుకున్నాడు. 2017లో ‘డ్యామ్’కు వచ్చేసరికి ఆ ఆర్భాటమంతా తగ్గించి బిగువైన బీట్ల మీద నిలబడ్డాడు. దానికే 2018లో పులిట్జర్ బహుమతి వచ్చింది. అప్పటిదాకా శాస్త్రీయ సంగీతానికీ జాజ్‌కూ తప్ప వేరేవాటికి దక్కని బహుమతి అది. పక్కనున్న మనిషి మారకపోయినా పని మారింది. ఈ ఒక్క ఉదాహరణ చాలు, ‘ప్రొడ్యూసర్‌ని మారిస్తేనే ఎదుగుదల’ అనేవాళ్లకు.

హనుమాన్‌కైండ్ మీద ఇంకో ఫిర్యాదు ఉంది. ఇంగ్లిష్‌లో, పైగా అమెరికా యాసలో పాడేవాడు మనవాడెలా అవుతాడని. 2025 మార్చిలో వచ్చిన ‘రన్ ఇట్ అప్’లో కేరళ చెండ మోగింది, వీడియోలో కలరిపయట్టు కనిపించింది. వెంటనే కొందరు ‘మూలాల్లోకి వచ్చాడు, ఎదిగాడు’ అన్నారు. చెండ చేరితేనే ఎదిగినట్టా? ఆ వాయిద్యాన్ని అలంకారంగా పెట్టాడా, లేక పాట నడకే దాని మీద కట్టాడా అన్నది చూడాలి. నేను రెండోదే అంటాను. చెండ తీసేస్తే ఆ పాట నడవదు.

మదనపల్లె వాటా

వాటా తేల్చే విద్య మన ప్రాంతానికి కొత్తేం కాదు. జనగణమన మదనపల్లెలో పుట్టిందని మన దగ్గర గర్వంగా చెబుతుంటారు. కచ్చితంగా చెప్పాలంటే పాట రాసింది రవీంద్రనాథ్ ఠాగూర్, మొదట పాడింది 1911 డిసెంబరులో కలకత్తా కాంగ్రెస్ సభలో. 1919 ఫిబ్రవరిలో ఆయన మదనపల్లె బీసెంట్ థియోసాఫికల్ కాలేజీకి వచ్చినప్పుడు దాన్ని ఇంగ్లిష్‌లోకి అనువదించారు. ప్రిన్సిపల్ జేమ్స్ కజిన్స్ భార్య, పాశ్చాత్య సంగీతం తెలిసిన మార్గరెట్ కజిన్స్ దాని బాణీకి స్వరలిపి రాయడంలో తోడ్పడ్డారు. ఇలా చెబితే మదనపల్లె గొప్ప తగ్గిందా? లేదు, ఎవరూ కాదనలేనంత గట్టిపడింది. ‘ఇక్కడే పుట్టింది’ అంటే ఒక్క తేదీ చెప్పి ఎవరైనా కొట్టేస్తారు.

మీ ప్రాజెక్టు సంగతీ ఇంతే. మదనపల్లె మార్కెట్ యార్డు టమాటా ధరలు చూపించే యాప్ ఒకటి మీ బ్యాచ్ చేసిందనుకోండి. ‘యాప్ చేశాను సార్’ అంటే ప్యానెల్ కోడ్ మొత్తం మీద ప్రశ్నలు వేస్తుంది, దొరికిపోతారు. ‘మేం చేశాం’ అంటే మీరు కనిపించరు. ‘రోజువారీ ధరలు సేకరించి, అందులో తప్పుపడ్డ అంకెలు ఏరే భాగం నాది. స్క్రీన్లు మా ఫ్రెండ్ చేసింది. మొదట్లో కిలో ధర, బాక్సు ధర కలిసిపోయేవి, వాటిని విడగొట్టడానికి ఇలా చేశాను’ అని చెప్పి చూడండి. తర్వాతి ప్రశ్న మీకు తెలిసినచోటే వస్తుంది. మీ భాగం ఏదో తేలకపోతే రాపర్‌కి పెట్టిన పరీక్షే మీకూ పెట్టుకోండి: నన్ను తీసేస్తే ఈ యాప్‌లో ఏది ఆగిపోతుంది?

గ్రూప్ డిస్కషన్‌కూ ఈ వాదనలు మంచి సాధనే, కాకపోతే చిన్న షరతు. ‘వేస్ట్’, ‘తోపు’ అన్న రెండు మాటలు నిషేధం. ఏ కొలబద్దతో మాట్లాడుతున్నారో మొదటి వాక్యంలో చెప్పాలి, రెండో వాక్యంలో ఒక పాట పేరు రావాలి. అవతలివాళ్ల పాయింటును వాళ్లు ఒప్పుకునేలా తిరిగి చెప్పాకే కాదనాలి. 2025 జులైలో వచ్చిన హనుమాన్‌కైండ్ ‘మాన్సూన్ సీజన్’ మీద ఇలా ఐదు నిమిషాలు మాట్లాడి చూడండి. దాన్ని అతను ఆల్బమ్ అనకుండా మిక్స్‌టేప్ అన్నాడు. ఒకే కథలా కట్టినదానికీ, వేర్వేరు మూడ్‌లు ఒకచోట పోగేసినదానికీ ఒకే కొలబద్ద వాడొచ్చా? అక్కడే పావుగంట పడుతుంది.

ఇక మీలో హాస్టల్ రూంలోనే మైకు పెట్టి సొంతంగా పాట చేసేవాళ్లుంటారు. వాళ్లకు ఒక మాట. 2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించాక పాట రాసినవారికీ స్వరం కట్టినవారికీ రాయల్టీలో వాటా మీద గట్టి హక్కు వచ్చింది. వాళ్ల తరఫున వసూలు చేసే ఐపీఆర్‌ఎస్ అనే సంస్థ 1969 నుంచీ ఉంది. కానీ మీ నలుగురిలో మాట ఎవరిది, బీటు ఎవరిదన్నది ఏ సంస్థా వచ్చి తేల్చదు. దానికి స్ప్లిట్ షీట్ అనే ఒక పేజీ కాగితం వాడతారు. పాట పేరు, తేదీ, ఎవరు ఏం చేశారు, ఎవరికి ఎంత శాతం, కింద సంతకాలు. పాట హిట్టయ్యాక కాదు, రికార్డింగ్ అయిన రోజే రాసుకోవాలి. ఫొటో తీసి నలుగురి మెయిల్‌లోనూ పెట్టుకోండి.